పిల్లి కూనలకు ఇంటి పద్ధతి నేర్పేదెలా? జానమాజ్ పాక్‌గా ఉండాలి, కూనలూ బతకాలి

వికారాబాద్/తాండూరు: వానలు మొదలయ్యాయంటే ఈ రెండు పట్టణాల్లో చాలా ఇళ్లలో ఒకటే పంచాయితీ. వీధి పిల్లి ఎప్పుడొచ్చిందో ఎవరికీ తెలియదు. సజ్జ మీదనో, బియ్యం బస్తాల వెనకనో, పాత కూలర్ లోపలనో మూడు నాలుగు కూనల్ని పెట్టి ఉంటుంది. ఇంట్లో పిల్లలు సంబరపడతారు. నెల తిరిగేసరికి కూనలు కిందికి దిగి దివాన్ కింద, చెప్పుల స్టాండ్ వెనక, ఒక్కోసారి మడత పెట్టిన జానమాజ్ మీద కూడా ఒంటికి పోస్తాయి. అప్పుడు మాట మారుతుంది. "నమాజ్ చదివే ఇల్లు ఇది, వాటిని సంచిలో వేసి దూరంగా వదిలేసి రా" అని దాదీ అంటుంది. పిల్లలు ఏడుస్తారు. అమ్మీ మధ్యలో నలిగిపోతుంది.

దాదీ మాట తప్పేమీ కాదు, ఇల్లు పాక్‌గా ఉండాల్సిందే. కానీ తల్లి లేకుండా రోడ్డు మీద పడ్డ నెల కూన కుక్కలకో, లారీలకో, ఆకలికో దొరికిపోతుంది. ఈ రెండింటి మధ్య ఒక దారి ఉంది. మట్టి తవ్వి, పని కానిచ్చి, కప్పిపెట్టడం పిల్లికి పుట్టుకతోనే వచ్చే బుద్ధి. దానికి శుభ్రత మనం కొత్తగా నేర్పక్కర్లేదు. ఆ చోటు ఎక్కడో చూపిస్తే చాలు.

సగం ఇల్లు, సగం వీధి

మన ఇళ్ల చుట్టూ తిరిగే పిల్లులు పూర్తిగా పెంపుడువి కావు, పూర్తిగా అడవివీ కావు. తాండూరులో పప్పు మిల్లులు, గోదాముల దగ్గర ఎలుకల కోసం ఉండేవి, గోష్ దుకాణాల వెనక ముక్కల కోసం ఉండేవి ఈ రకమే. అన్నం పెడితే తింటాయి, చెయ్యి చాపితే పారిపోతాయి. వీటి కూనలు మనిషి చేతికి అలవాటు పడకుండానే పెరుగుతాయి. పట్టుకోబోతే బుస్సుమంటాయి, గోళ్లతో గీరుతాయి. అది కోపం కాదు, భయం. భయపడ్డ కూన మూలకు దూరి అక్కడే ఒంటికి, రెంటికి కానిచ్చేస్తుంది. కాబట్టి ఇలాంటి కూనలకు ఇంటి పద్ధతి నేర్పడమంటే రెండు పనులు కలిపి చేయడం. ఒకటి భయం పోగొట్టడం, రెండు తట్ట అలవాటు చేయడం. మొదటిది కాకుండా రెండోది కుదరదు.

దీన్ ఏం చెబుతుంది?

పిల్లి నాపాక్ అనుకుని దాన్ని ఇంట్లోకి రానివ్వని వాళ్లున్నారు. హదీసుల్లో ఉన్నది వేరు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ చేసుకునే నీళ్ల దగ్గరికి పిల్లి వస్తే, అది తాగడానికి వీలుగా ఆయన గిన్నెను వంచారు. కోడలు కబ్షా ఆశ్చర్యంగా చూస్తే, పిల్లి నాపాక్ కాదని, అది మన మధ్య తిరుగుతూ ఉండే జీవాల్లో ఒకటని దైవప్రవక్త (స) చెప్పిన సంగతి వివరించారు. ఈ హదీసు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. పిల్లి మూతి పెట్టిన నీళ్లను, వేరే నీళ్లు ఉన్నప్పుడు వాడకపోవడం మేలని హనఫీ ఉలమా అంటారు. వాటిని నాపాక్ అనరు.

ఇంకో హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. పిల్లిని కట్టేసి, తిండి పెట్టక, బయట ఏదో ఒకటి తిని బతకడానికి వదలక చంపిన స్త్రీకి శిక్ష పడిందని అందులో ఉంది. పెంచేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇదే. గదిలో ఉంచితే తిండి, నీళ్లు మన బాధ్యత. ఇక ప్రవక్త (స) వారి పిల్లి పేరు 'ముయిజ్జా' అని, దాని నిద్ర చెడకుండా చొక్కా చేతిని కత్తిరించారని వాట్సాప్‌లో తిరిగే కథకు నమ్మదగిన హదీసు ఆధారం లేదు. పిల్లి మీద దయ చూపడానికి ఆ కథ అవసరం కూడా లేదు. పై రెండు హదీసులు చాలు.

అయితే ఒక తేడా మరవద్దు. పిల్లి ఒళ్లు, ఎంగిలి వేరు, దాని మలమూత్రాలు వేరు. మలమూత్రాలు నాపాకే. బట్టకు, జానమాజ్‌కు తగిలితే కడగాల్సిందే. అందుకే తట్ట అలవాటు ఈ ఇళ్లలో సరదా వ్యవహారం కాదు, ఐదు పూటల అవసరం.

వయసు లెక్క చూసుకోండి

కూన పుట్టిన ఒకటి రెండు వారాల్లో కళ్లు తెరుస్తుంది. మూడు వారాల దాకా దానంతట అది ఒంటికి, రెంటికి పోలేదు, తల్లి నాకితేనే పోస్తుంది. మూడు, నాలుగు వారాల మధ్య వదులు మట్టి కనిపిస్తే కాళ్లతో గీకడం మొదలుపెడుతుంది. తట్ట పెట్టాల్సిన సమయం అదే.

మనిషికి మచ్చిక కావడానికీ గడువుంది. రెండో వారం నుంచి ఏడో వారం దాకా కూన మెదడు కొత్త మనుషుల్ని, కొత్త చప్పుళ్లను తేలిగ్గా ఒప్పుకుంటుంది. ఎనిమిది వారాలు దాటితే కష్టం పెరుగుతుంది. నాలుగు నెలలు దాటి, ఎప్పుడూ మనిషి చెయ్యి తగలని కూనను ఒళ్లో కూర్చోబెట్టాలని చూడొద్దు. దాన్ని వాకిట్లో పిల్లిగానే ఉంచి తిండి పెట్టడం మేలు.

వయసు తెలియకపోతే వంటింటి తూకం ఉపయోగపడుతుంది. పుట్టినప్పుడు కూన దాదాపు 100 గ్రాములు ఉంటుంది. వారానికి ఇంకో 100 గ్రాములు కలుపుతూ పోతే ఉజ్జాయింపు లెక్క వస్తుంది. 450 గ్రాములు తూగితే దాదాపు నాలుగు వారాలు, 800, 900 మధ్య ఉంటే ఎనిమిది వారాలు.

తల్లి ఉంటే ఎనిమిది వారాలు నిండేదాకా విడదీయకూడదు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని సామెత. మాటిమాటికీ తొంగి చూస్తే తల్లి వాటిని నిజంగానే ఎత్తుకుపోతుంది. తల్లికి రోజూ ఒకే చోట, ఒకే వేళకు తిండి పెడితే అది కుదురుకుంటుంది. కూనలు కూడా దాని వెనకే మన దగ్గరికి వస్తాయి.

ముందు ఒక్క గది

అందరూ చేసే పొరపాటు, కూనను తెచ్చి ఇల్లంతా వదిలేయడం. చిన్న కూనకు మూడు గదుల ఇల్లు పెద్ద ఊరు లాంటిది. తట్ట ఎక్కడుందో గుర్తుండదు, ఆపుకోవడం రాదు.

వాడకంలో లేని గుసల్‌ఖానా, సామాను గది, లేదా పెద్ద పంజరం, ఏదో ఒకటి చాలు. ఒక మూల తట్ట, దానికి ఎదురు మూల తిండి, నీళ్లు, పక్కన పాత చద్దర్ పరిచిన అట్టపెట్టె. తిండి పక్కనే తట్ట పెడితే పిల్లి దాన్ని వాడదు. తినే చోట కానివ్వడం దానికీ నచ్చదు. బీరువా కింద, వాషింగ్ మెషిన్ వెనక సందులుంటే ముందే మూసేయండి. దాక్కోవడానికి అట్టపెట్టె ఒక్కటే మిగలాలి. వరసగా వారం, పది రోజులు తప్పు చోట పోయకపోతే అప్పుడు రెండో గది తలుపు తెరవండి. పరుపులు, దిండ్లు, జానమాజ్ ఉండే గది అన్నిటికంటే చివర.

తట్ట ఎలాంటిది? అందులో ఏం వేయాలి?

దీనికి ఖర్చు అక్కర్లేదు. పాత ప్లాస్టిక్ టబ్బు తీసుకుని ఒక పక్క అంచు కూన కాలు దాటగలిగేంత, అంటే రెండు మూడు అంగుళాల ఎత్తుకు కోయాలి. కోసిన అంచు గీసుకోకుండా టేపు చుట్టాలి. తట్టల సంఖ్యకు తేలిక లెక్క, పిల్లులు ఎన్నో దానికి ఒకటి ఎక్కువ. చిన్న కూనలు మూడు నాలుగు ఉంటే మొదట్లో ఒకే గదిలో రెండు పెద్ద తట్టలతో నెట్టుకు రావచ్చు.

వీధి కూనకు తెలిసింది మట్టి. అంగడిలో దొరికే సువాసన లిట్టర్ దానికి కొత్త, భయం కూడా. కాబట్టి పెరట్లో జల్లించిన మట్టి లేదా ఇల్లు కట్టే ఇసుక రెండు అంగుళాల మందం పోసి మొదలుపెట్టండి. అలవాటయ్యాక లిట్టర్ వాడాలనుకుంటే మట్టిలో కొంచెం కొంచెం కలుపుతూ రెండు వారాల్లో మార్చుకోవచ్చు. తడి తగిలితే గడ్డ కట్టే రకం లిట్టర్‌ను మూడు నెలలు దాటేదాకా వాడొద్దు. చిన్న కూనలు దాన్ని నోట్లో పెట్టుకుంటాయి, కడుపులో అది గడ్డ కట్టే ప్రమాదం ఉంది.

తాండూరు వాళ్లకు ఒక మాట. పాలిషింగ్ యూనిట్ల దగ్గర ఊరికే దొరుకుతుంది కదా అని బండల పొడి తెచ్చి తట్టలో పోయొద్దు. మెత్తటి రాతి దుమ్ము కూన తవ్వినప్పుడల్లా లేస్తుంది. అది కూనకూ మంచిది కాదు, ఇంట్లో పిల్లలకూ మంచిది కాదు.

రోజూ చేయాల్సింది

నిద్ర లేవగానే, తిన్న పది ఇరవై నిమిషాలకు, బాగా ఆడాక కూనకు అవసరం పడుతుంది. ఆ మూడు వేళల్లో మెల్లగా ఎత్తి తట్టలో దించండి. వేలితో మట్టి కొంచెం గీకి చూపించి పక్కకు జరగండి. దాని కాళ్లు పట్టుకుని తవ్వించొద్దు, బెదిరిపోతుంది. చేతికి రాని కూన అయితే ఎత్తే ప్రయత్నమే వద్దు. తిండి గిన్నె నుంచి తిరిగితే తట్ట ఎదురయ్యేలా పెట్టండి, చాలు.

ఎక్కడైనా పోస్తే కాగితంతో అద్ది, ఆ కాగితం ముక్కను తట్టలో మట్టి కింద పెట్టండి. పిల్లి వాసనను బట్టే చోటు గుర్తుపడుతుంది. పని కానిచ్చినవి రోజుకు రెండుసార్లు తీసేయాలి, వారానికోసారి మట్టంతా మార్చి తట్టను మామూలు సబ్బు నీళ్లతో కడగాలి. కంపు కొట్టే తట్టలోకి పిల్లి దిగదు, దివాన్ కిందికే పోతుంది.

కొట్టడం, ముక్కు రుద్దడం, అరవడం ఏదీ పనిచేయదు. "ఇక్కడ పోయకూడదు" అని దానికి అర్థం కాదు. "ఈ మనిషి ఉన్నప్పుడు పోయకూడదు" అని మాత్రం అర్థమవుతుంది. అప్పటి నుంచి మనకు కనిపించని మూలలు వెతుక్కుంటుంది.

బండ మీద పోస్తే ఎలా కడగాలి?

మన ఇళ్లలో చాలావాటికి నేల తాండూరు బండే. నీలమైనా, పసుపైనా అది సున్నపురాయి. పాలిష్ లేని బండ, బండకూ బండకూ మధ్య అతుకులు మూత్రాన్ని పీల్చుకుంటాయి. పైన కడిగినా లోపల వాసన మిగిలి కూన మళ్లీ అక్కడికే వస్తుంది. ఇంటర్నెట్‌లో చూసి చాలామంది వెనిగర్, నిమ్మరసం పోస్తారు. లేదా బాత్రూం యాసిడ్ కొడతారు. సున్నపురాయిని ఆమ్లం తినేస్తుంది. బుడగలు వచ్చి మెరుపు పోతుంది, బండ గరుకై ఇంకా ఎక్కువ పీల్చుకుంటుంది.

సరైన వరస ఇది. ముందు పాత గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. తరవాత సర్ఫు నీళ్లతో కడిగి, రెండు మూడుసార్లు మంచినీళ్లు పోసి తుడవాలి. వాసన ఇంకా ఉంటే పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ పోసి సీసా మీద చెప్పినంత సేపు వదలాలి. అతుకులు ఊడిపోయి ఉంటే వైట్ సిమెంటు నింపిస్తే సగం సమస్య అక్కడే తీరుతుంది.

ఫినాయిల్ వాడొద్దు. డెట్టాల్ లాంటివీ వద్దు. వాటిలో ఉండే ఫినాల్ రకం రసాయనాలను పిల్లి కాలేయం విరగ్గొట్టలేదు. నేల మీద నడిచిన పిల్లి కాళ్లు నాకితే అవి లోపలికి పోతాయి. మూత్రం మీద నేరుగా బ్లీచింగ్ పోయడం కూడా ప్రమాదం, గొంతు మండించే విషవాయువు వస్తుంది.

పాక్ సంగతికి వస్తే, బట్టను మూడుసార్లు కడిగి ప్రతిసారీ పిండాలన్నది హనఫీ ఇళ్లలో తెలిసిన పద్ధతే. పిండలేని మందపాటి కార్పెట్ అయితే కడిగి, నీరు కారడం ఆగాక మళ్లీ కడగాలి, ఇలా మూడుసార్లు. నేలకు అతికించిన బండ ఎండిపోయి మరక, వాసన లేకుండా పోతే దాని మీద నమాజ్ చదవవచ్చని, తయమ్ముమ్‌కు మాత్రం పనికిరాదని హనఫీ ఫిఖ్హ్ చెబుతుంది. సందేహం ఉంటే మీ మస్జిద్ ఇమామ్ సాబ్‌ను అడగండి. జానమాజ్‌ను కింద మడత పెట్టకుండా గోడకు కొక్కెం పెట్టి వేలాడదీస్తే సగం గొడవ తప్పుతుంది.

భయం పోగొట్టడం

మొదటి రెండు మూడు రోజులు ముట్టుకోవద్దు. గదిలో నేల మీద కూర్చుని మెల్లగా మాట్లాడండి, ఫోన్ చూసుకోండి, తిలావత్ చేసుకోండి. మనిషి గొంతు వింటే దెబ్బలు పడవు, తిండి వస్తుంది అని కూనకు తెలియాలి. తరవాత ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన చికెన్‌ను మెత్తగా నలిపి చెంచాతో, ఆ తరవాత వేలితో పెట్టండి. తింటున్నప్పుడు ఒక వేలితో చెవి వెనక తాకండి. సూటిగా కళ్లలోకి చూడకుండా కళ్లు మెల్లగా మూసి తెరవండి, పిల్లుల్లో అది దోస్తీ గుర్తు. రోజుకు మూడు నాలుగుసార్లు పది నిమిషాలు చాలు. ఆరు వారాల లోపు కూన చాలాసార్లు వారం, రెండు వారాల్లో చేతికొస్తుంది. పెద్ద కూనకు నెల పైనే పట్టవచ్చు.

ఆవు, బర్రె పాలు పోయొద్దు, విరేచనాలు పట్టుకుంటాయి. అప్పుడు తట్ట అలవాటు కూడా చెడుతుంది. నాలుగు వారాలు దాటిన కూనకు రోజుకు నాలుగు పూటలు మెత్తటి తిండి, పక్కన నీళ్లు చాలు. బిర్యానీ, సాలన్ మిగిలిందని పెట్టొద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తాన్ని పాడుచేస్తాయి. ఉడికిన ఎముక పుల్లల్లా విరిగి గొంతులో గుచ్చుకుంటుంది.

పిల్లలు, గర్భిణులు జాగ్రత్త

భయపడ్డ కూన కరవడం, గీరడం మామూలే. అయితే తేలిగ్గా తీసుకోవద్దు. పిల్లికీ రేబిస్ వస్తుంది. కరిచినా, రక్తం వచ్చేలా గీరినా పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. టీకా అక్కడ ఉచితం. పసుపు, సున్నం, కారం పెట్టి ఊరుకోవద్దు.

ఇంట్లో గర్భిణి ఉంటే తట్ట పని ఇంకొకరు చేయాలి. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండవచ్చు, అది కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. బయట పడ్డాక అది అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. అందుకే రోజూ తట్ట శుభ్రం చేసే ఇంట్లో ఆ ముప్పు బాగా తగ్గుతుంది. దీని కోసం పిల్లిని వెళ్లగొట్టక్కర్లేదు. సరిగా ఉడకని గోష్‌తో కూడా అదే జబ్బు వస్తుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

జ్వరం వచ్చిందని కూనకు పారాసిటమాల్ వేయొద్దు, ఒక్క గోలీ ప్రాణం తీస్తుంది. కుక్కల గోమార్ల మందు పిల్లికి రాయడమూ అంతే ప్రమాదం. బాగా అలవాటైన పిల్లి ఉన్నట్టుండి తట్ట బయట పోస్తుంటే అది పొగరు కాదు, జబ్బు కావచ్చు. మగ పిల్లి తట్టలో కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పోయలేకపోతే ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి, ఆలస్యమైతే చనిపోతుంది.

కందిచేలో దొరికిన కూనలు వేరు

ఈ జిల్లాకు సంబంధించిన ఇంకో సంగతి ఉంది. కందిచేలల్లో, చెరుకు తోటల్లో, అనంతగిరి చుట్టుపక్కల పొదల్లో దొరికే కూనలన్నీ ఇంటి పిల్లి జాతి కావు. అడవి పిల్లి కూనలు కూడా చారలతో, మొదటి చూపుకు మామూలు కూనల్లాగే ఉంటాయి. కాళ్లు పొడవు, తోక పొట్టి, తోక చివర నల్లటి కడియాలు, చెవుల కొసల్లో చిన్న నల్లటి వెంట్రుకలు కనిపిస్తే అనుమానించాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం వాటిని పట్టుకోవడం, పెంచడం నేరం. ఎన్ని రోజులు పెట్టుకున్నా అవి ఇంటివి కావు కూడా. తల్లి వేటకు వెళ్లి ఉంటుంది. ఉన్నచోటనే వదిలి దూరం జరగడం, గాయపడి ఉంటే అటవీశాఖ వాళ్లకు చెప్పడం, మనం చేయాల్సింది అంతే.

ఖర్చు ఎక్కడ పెట్టాలి?

తట్ట, మట్టి, అట్టపెట్టె ఊరికే దొరుకుతాయి. డబ్బు పెట్టాల్సినవి మూడే. నట్టల మందు చిన్నప్పుడే వేయించాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మొదటి టీకా, మూడు నెలలకు రేబిస్ టీకా. నాలుగు, ఐదు నెలలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. ఆడ పిల్లి నాలుగైదు నెలలకే చూలు కట్టగలదు, దాదాపు తొమ్మిది వారాల్లో ఈనుతుంది, ఏడాదికి రెండు మూడు ఈతలు. ఈతకు నాలుగు కూనల చొప్పున లెక్కేస్తే ఆపరేషన్ వాయిదా వేసిన ఇంట్లో ఏడాదికి 8 నుంచి 12 కూనలు. ఆపరేషన్ చేయించని మగ పిల్లి గోడల మీద, తలుపుల మీద మూత్రం చిమ్మడం మొదలుపెడితే అప్పటిదాకా నేర్పిందంతా వృథా. ప్రయోజనం ఉన్నప్పుడు, హాని తప్పించడానికి జంతువులకు ఇలాంటి ఆపరేషన్ చేయించవచ్చని హనఫీ ఫిఖ్హ్ గ్రంథాల్లో ఉంది.

ముందు దగ్గర్లోని పశువైద్యశాలలో అడగండి. అక్కడ ఎక్కువగా బర్రెలు, మేకలే వస్తాయి, పిల్లి ఆపరేషన్ కుదరకపోవచ్చు. అలాంటప్పుడు హైదరాబాద్ వైపు రాజేంద్రనగర్‌లో ఉన్న వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఒక దారి. వికారాబాద్ నుంచి హైదరాబాద్ 70 కిలోమీటర్ల పైనే, తాండూరు నుంచైతే ఇంకో 40 కలుపుకోవాలి. రెండు మూడు ఇళ్ల వాళ్లు కలిసి ఒకే బండిలో పిల్లుల్ని తీసుకెళ్తే దారి ఖర్చు పంచుకోవచ్చు. ఒక్కో పిల్లిని విడి బుట్టలో, మూత గట్టిగా కట్టి తీసుకెళ్లండి.

అన్నీ చేసినా పెంచే వీలు లేని ఇళ్లుంటాయి. అలాంటప్పుడు ఎనిమిది వారాలు నిండి, తట్ట అలవాటైన కూనను తెలిసిన వాళ్లకు ఇవ్వడం తేలిక. తట్ట వాడే కూనను అడిగే ఇళ్లు చాలా ఉంటాయి. సంచిలో కట్టి తిండి దొరకని చోట పడేయడం జంతు హింస నివారణ చట్టం 1960 కింద నేరం. అల్లాహ్ దగ్గర లెక్క అప్పజెప్పాల్సిన పని కూడా. ఈ వానాకాలం మీ సజ్జ మీద కూనలు కనిపిస్తే సంచి కోసం వెతకొద్దు. ఒక పాత టబ్బు, రెండు దోసిళ్ల మట్టి తీసుకురండి.